సలాకలు లేని ఇల్లు

ఇల్లు కట్టించుకునేవాళ్లు జనగామలో ఇళ్ల ప్లాన్లు గీసే నా ఆఫీసు మెట్లెక్కి, కుర్చీలో సర్దుకుని, నీళ్లు తాగి, ఫోన్ తీసి నా ముందు పెడతారు. అందులో ఒక బొమ్మ ఉంటుంది. అది ఏ దేశంలో ఇల్లో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. గుండ్రటి స్తంభాలు, వాటి మధ్య నల్లద్దాలు, అద్దాల చుట్టూ బంగారు రంగు పట్టీలు. "మేడం, లోపల ఎట్లనన్న ఉండనీ. ముంగట ఎలివేషన్ మాత్రం గిట్ల రావాలె" అంటారు. లోపల ఉండబోయేది మీరే కదయ్యా అని మొదట్లో అనేదాన్ని. ఇప్పుడు అనడం మానేశాను. నోరు నొప్పి తప్ప లాభం లేదు.

ఈ పనిలోకి వచ్చినప్పుడు నాకు చాలా ఆశలుండేవి. గోడ గోడలా కనబడాలి, కప్పు కప్పులా కనబడాలి. ఎండ ఎటు కొడుతుందో అటు నీడ ఉండాలి, గాలి ఎటు వీస్తుందో అటు కిటికీ ఉండాలి. అంతకు మించి అక్కరలేనిది ఒక్కటీ ఉండొద్దు. తరిగొప్పులలో నేను పుట్టిన మట్టిల్లు అట్లాగే ఉండేది. దాన్ని ఎవరూ గొప్ప అనలేదు, అందులో ఎవరికీ ఉక్కపోయలేదు. చదువుకుని తిరిగొచ్చి ఆ సంగతే సిమెంటులో, ఇటుకలో చెబుదామనుకున్నాను. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టయింది.

మరిపెడలో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన ఇంటి ముందు గోడంతా అద్దమే కావాలన్నాడు. ఇల్లేమో పడమటి ముఖం. వద్దని చెప్పాను, సూర్యుడు ఎట్లా దిగుతాడో గీసి చూపించాను, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అయినా పెట్టించాడు. మొదటి ఎండాకాలానికే లోపల కూర్చోలేక ఆ అద్దానికి దుప్పట్లు కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ దారిన పోతే నల్లద్దం వెనక పూల దుప్పటి కనబడుతుంది. పైన పటారం, లోన లొటారం. అదే మనిషి ఈ మధ్య తన తమ్ముణ్ని వెంటబెట్టుకొచ్చాడు. తమ్ముడికీ అదే అద్దం కావాలట. గీసి ఇచ్చేశాను.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ విసిగించినవి సలాకలు. పిల్లర్లలో వేసే ఇనుప కడ్డీలను మా వైపు సలాకలంటారు. ఒక అంతస్తు కట్టి స్లాబు పోశాక, ఆ సలాకలను కోయకుండా మనిషెత్తున ఆకాశంలోకి వదిలేస్తారు, రేపెప్పుడో పైన ఇంకో అంతస్తు వేసుకోవడానికి. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు నీళ్లు పూస్తారు, కొందరు ఖాళీ సీసాలు బోర్లిస్తారు. జనగామ నుంచి మహబూబాబాద్ వైపు పోయినా, భూపాలపల్లి వైపు పోయినా బస్సు కిటికీలోంచి ఇవే కనబడతాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గానీ మా దగ్గర పెళ్లయినా అయిపోతుంది, ఇల్లు మాత్రం అయిపోదు. పై అంతస్తు కొడుక్కి, ఆ పైది మనవడికి. సలాకలు నిలబడి ఉన్నాయంటే ఆ ఇంట్లోకి ఇంకా రావలసినవాళ్లు ఉన్నారని లెక్క. చూసేవాళ్లందరికీ ఆ లెక్క తెలుసు.

రేగొండ నుంచి ఆ ముగ్గురూ వచ్చింది ఒక వానాకాలం మొదట్లో. భార్య వ్యవసాయ శాఖలో ఏఈఓ, రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం. పత్తి చేలలో, మిర్చి చేలలో తిరిగి తిరిగి ముఖం కమిలిపోయి ఉంది. భర్త భూపాలపల్లి బొగ్గు బావిలో ఫిట్టరు. వెంట భర్త తల్లి. చిన్న వయసులోనే మొగుడు పోతే కూలీనాలీ చేసి ఈ ఒక్క కొడుకుని పెంచిన మనిషి. అరగంట కూర్చున్నా ఎవరూ ఫోన్ తీయలేదు. నాకే అనుమానమొచ్చి, "బొమ్మ ఏమన్నా తెచ్చిండ్రా?" అని అడిగాను.

"లేదు మేడం. సాదా ఇల్లు కావాలె" అంది భార్య.

"సాదా అంటే సస్తగ, తక్కువ పైసలల్ల అయితదని గాదు" అని భర్త వెంటనే సర్దిచెప్పుకున్నాడు, పరువు పోతుందేమోనన్నట్టు. సాదా ఇల్లే కష్టమని, అందులో తప్పు దాచుకోవడానికి చోటుండదని చెప్పాను. చాలా రోజుల తర్వాత నాకు ఉత్సాహంగా అనిపించింది. వాళ్లు పోయాక, ఈమెకు మంచి అభిరుచి ఉంది అనుకున్నాను.

రెండోసారి ఆమె ఒక్కతే వచ్చింది. హన్మకొండలో ఏదో ట్రైనింగ్ ఉంటే అది అయ్యాక జనగామ బస్సెక్కిందట. నేను గీసిన కాగితాన్ని చూసింది, బాగుందని తలూపింది. తర్వాత మేడం అనడం మానేసి, "అక్కా, ఒక్క మాట. పైన సలాకలు వద్దు" అంది.

నాకూ అదే ఇష్టమన్నాను. కప్పు అంచు ఒకే గీతలా రావాలని, సలాకలుంటే ఆ గీత చెడిపోతుందని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. అప్పటికే చెప్పడం మొదలుపెట్టింది.

"మాకు పిల్లలు లేరక్కా. ఇగ కారు. హన్మకొండ దవాఖానలు, హైదరాబాద్ దవాఖానలు అన్ని తిరిగినం. ఇద్దరం కూసోని ఏడ్సి, ఇగ చాలు అనుకున్నం. అనుకున్నంక నా పానం నిమ్మలమైంది. కని చుట్టుపక్కలోళ్లు నిమ్మలంగ ఉండనియ్యరు. సలాకలుంటే వచ్చినోళ్లందరు పైకి చూస్తరు. పైన ఎప్పుడేస్తరు అంటరు. ఎవరి కోసం ఏస్తం? పొద్దున లేసి వాకిలి ఊడ్సేటప్పుడల్ల గవాటిని చూసుకుంట బతకాల్నా? మేమిద్దరం, మా అత్తమ్మ. గీ ముగ్గురికి అయిపోయిన ఇల్లు గావాలె నాకు. చూసినోళ్లకు అయిపోయింది అని తెల్వాలె."

నేను అభిరుచి అనుకున్నది అభిరుచి కాదని అప్పుడు తెలిసింది. కింది హోటల్ నుంచి చాయ్ తెప్పించాను. చాయ్ తాగి, ముఖం కడుక్కుని, ఆమె చివరి బస్సు దొరకదని లేచింది.

జాగా చూడటానికి నేను రేగొండ పోయిన రోజున అసలు గొడవ బయటపడింది. ఊరి చివర, పత్తి చేను పక్కన, నల్లరేగడి నేల. పిల్లర్లు లేకుండా అక్కడ కుదరదు, కాబట్టి సలాకల మాట రాక తప్పలేదు. పిల్లర్లు స్లాబుతోనే ఆగిపోతాయని నేను చెప్పగానే అత్తగారు నా వైపు తిరిగింది.

"సలాకలు లేకుంట ఇల్లెట్లుంటది బిడ్డా? సూసెటోళ్లు ఏమనుకుంటరు? ఇగ వీళ్లింట్ల ఎవ్వరు లేరు, ఎవ్వరు రారు అనుకోరా?"

కోడలు నేల చూపులు చూస్తూ నిలబడింది. కొడుకు ఇద్దరి మధ్యా నలిగిపోతూ నా దగ్గరికొచ్చి, "ఉంచితే ఏం పోతది మేడం? సుట్టు జర గోడ లేపి కనవడకుంట చేద్దం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దాచిపెట్టడానికైతే పెట్టడం ఎందుకని గట్టిగానే అన్నాను. అతను కాసేపు చెప్పు అంచుతో మట్టిబెడ్డలు చిదిపి, "సరే, ఆమె ఎట్లంటే గట్ల గీయిండ్రి" అన్నాడు.

అత్తగారు పక్కనున్న గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మనవడి మీద ఆశ చాలించుకొమ్మని ఆమెతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. కొడుకూ కోడలూ తమలో తాము అనుకున్నారు, ఆమెను అందులో కలుపుకోలేదు. ఆ మాట ఇప్పుడు ఒక ఇంటి ప్లానుగా ఆమె ముందుకొచ్చింది. నాకు ఆమెను చూస్తే జాలేసింది. అయినా కోడలి పక్కనే నిలబడ్డాను. ఇద్దరికీ సరిపోయే ఇల్లు గీయడం నా చేత కాలేదు.

కట్టడం మొదలయింది. తూర్పు పడమరలుగా పొడుగాటి ఇల్లు, ఒక వరుసలో మూడు అర్రలు, ముందు పొడుగునా వరండా. కప్పు నాలుగు వైపులా సమానంగా బయటికి వచ్చి గోడలకు నీడనిస్తుంది. బయట సిమెంటు పూత, అంటే మా వాళ్లనే గిలాబు, లేదు. ఇటుక ఇటుకలాగే ఉంటుంది. గిలాబు లేదనగానే మేస్త్రి తల పట్టుకున్నాడు. "గిలాబుంటే తప్పులు దాగుతయి మేడం. గిట్లయితే చెయ్యి వణికినా కనవడ్తది" అన్నాడు. మొదటి వారం రెండు వరుసలు కట్టడం, ఊడదీయడం, మళ్లీ కట్టడం. నేను జనగామలో పొద్దున్నే బయల్దేరి, హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా రేగొండ చేరేసరికి మోకాళ్లు పట్టేసేవి. ఈ వయసులో ఇదెందుకు నాకు అనుకుంటూనే పోయేదాన్ని.

పడమటి గోడలో మాత్రం నాకు నిజంగా ఆనందం దొరికింది. ఆ వైపు వరండా చివర మూసెయ్యకుండా, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు వదిలి జల్లెడలా కట్టించాను. వేడి ఆగుతుంది, గాలి ఆగదు. కొత్త సామానేమీ తేలేదు, అదే బట్టీ ఇటుక. మేస్త్రికి కూడా ఆ గోడ దగ్గర కోపం పోయింది, సందులు సమానంగా వచ్చాయా అని దూరం నుంచి వంగి చూసుకునేవాడు. ఇంకా కప్పు పడకముందే అత్తగారు మిర్చి బస్తా తెచ్చుకుని ఆ గోడ నీడన కూర్చుని తొడిమెలు తీయడం మొదలుపెట్టింది. "గాలి మంచిగనే వస్తుంది" అంది ఒకరోజు, నా ముఖం చూడకుండా.

స్లాబు రోజు వచ్చింది. మా దగ్గర స్లాబు పోయడమంటే చిన్న పండగే. కూలీలందరికీ మాంసం కూరతో భోజనం పెట్టాలి. నేను రేగొండలో బస్సు దిగి నడుస్తుంటే దూరం నుంచే ఇల్లు కనబడింది. కప్పు మీద, ప్రతి పిల్లరు దగ్గరా, సలాకలు నిలబడి ఉన్నాయి.

మోకాళ్ల సంగతి మరిచిపోయి దాదాపు పరుగెత్తాను. కింద పొయ్యి దగ్గర అత్తగారు ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆమె పనే అయి ఉంటుందని, "అవ్వా, నువ్వే చెప్పినవా?" అని అడిగాను, అడగవలసిన గొంతుతో కాదు.

"నేను చెప్పలే బిడ్డా" అంది. ఉల్లిగడ్డ పక్కన పెట్టింది. "కని పొద్దున్నే చూసిన. చూసి వద్దనలే. కండ్లకు చల్లగ అనిపించింది."

గబగబా నిచ్చెన ఎక్కాను. సెంట్రింగ్ పని, ఇనుము కట్టే పని చూసేది పరకాల నుంచి వచ్చిన ఒక ముస్లిం మేస్త్రి. తమ్ముడితో దక్కనీ ఉర్దూలో ఏదో మాట్లాడుతూ బైండింగ్ వైరు మెలిపెడుతున్నాడు. ఇదేంటని అరిచాను. ఆయన బెదరలేదు, పైగా మెప్పు పొందబోతున్నవాడిలా నవ్వాడు.

"మీరు మరిచిపోయిండ్రనుకున్న మేడం. కాయితంల పిల్లర్ సలాకలు బీములనే వంచి ఆపిండ్రు. గట్లయితే నెత్తి బోడిగుంటది. ఇంకో సైటుల మిగిలిన నా సలాకలుంటే తెచ్చి, జోడిచ్చి కట్టిన. ఎవ్వరు చెప్పలే, నేనే కట్టిన. వీళ్లకు పిల్లలు లేరని ఊర్ల చెప్పిండ్రు. పాపం అనిపిచ్చింది. దేవుడు ఎప్పుడిస్తడో ఎవరికెరుక? ఇచ్చిన్నాడు ఇంటి మీద జాగ ఉండాలె గదా."

నా కోపం దిగిపోయింది. ఇంత మంచి మనసుతో ఇంత నొప్పి పెట్టడం మా వాళ్లకే చేతనవుతుంది. తిరిగి చూస్తే నిచ్చెన పై మెట్టు మీద కోడలు ఉంది. అంతా వింది. ఆమె వెనకే భర్త.

కింద మిక్సర్ తిరగడం మొదలయింది. కంకర తట్టలతో కూలీలు వరుసలో నిలబడ్డారు. "ఇప్పుడెందుకు? స్లాబు పూట ఇనుము ఊడదీస్తే మంచిది కాదంటరు. ఉండనీ, తర్వాత కోద్దం" అన్నాడు భర్త.

"తర్వాత ఎవ్వరు కొయ్యరు" అంది ఆమె. మేస్త్రి వైపు తిరిగి, "అన్నా, నీ మనసు మంచిది. నీ మీద నాకు కోపం లేదు. కని తీసెయ్" అంది. మేస్త్రి భర్త ముఖం చూశాడు. భర్త తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు ఆమె భర్త దగ్గరికి నడిచి, గొంతు పెంచకుండా, అందరి ముందరే అడిగింది.

"ఉంచుదం. ఎవరి కోసమో పేరు చెప్పు, ఉంచుదం."

కంకర తట్టలు మోసేవాళ్లు కూడా ఆగిపోయారు. అతని ముఖంలో రంగు పోయింది. తర్వాత అతను మేస్త్రి చేతిలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని మొదటి పిల్లరు దగ్గర కూర్చున్నాడు. వైరు తెంపాడు, సలాక విడదీశాడు, కిందికి అందించాడు. తర్వాత ఇంకోటి. రెండో పిల్లరు దగ్గర ఆమె కూడా పోయి సలాకలు కదలకుండా పట్టుకుంది. అన్నీ తీసేశాకే స్లాబు పోశాం. మధ్యాహ్నం అందరూ మాంసం కూరతో తిన్నారు. అత్తగారు మాత్రం తలనొప్పి అని అన్నం ముట్టలేదు.

గృహప్రవేశానికి నన్ను పిలిచారు. పోవాలా వద్దా అని ఊగాను. కట్టించుకున్నవాళ్ల ఇళ్లకు పండగ రోజుల్లో పోవడం నాకు ఇష్టం ఉండదు, నేను వద్దన్నవన్నీ తగిలించి చూపిస్తారు. కానీ ఈ ఇంటికి పోకుండా ఉండలేకపోయాను. ఇటుక గోడలు, కింద షాబాద్ బండలు, మామిడాకుల తోరణం. కప్పు అంచు ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీతే. దాని పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. నా పనిని నేనే మెచ్చుకోకూడదు గానీ, చూస్తూ కాసేపు అక్కడే నిలబడిపోయాను.

భోజనాల వేళకు వాళ్ల దూరపు చుట్టం, అత్తగారికి వదిన వరుస ఆవిడ, ఆటో దిగింది. వాకిట్లో నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఇల్లంతా కింది నుంచి పైకి చూసింది. పైన ఆగింది.

"ఏందే, సలాకలేవి? పైన ఎయ్యరా ఇగ?"

వరండాలో బంతిలో కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు. కోడలు నీళ్ల చెంబుతో విస్తళ్ల మధ్య ఉన్నచోటే నిలబడిపోయింది. భర్త వడ్డిస్తున్న గరిటె బకెట్‌లోనే ఉండిపోయింది. నేను ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. నేల మెత్తది, పైన బరువు ఆగదు, ఇంజనీరుగా నేనే వద్దన్నాను అని. ఆ అబద్ధం ఆడి కోడలిని ఆ ప్రశ్న నుంచి తప్పిద్దామని లేవబోయాను.

జల్లెడ గోడ దగ్గర కింద కూర్చుని ఆకులు, వక్కలు సర్దుతున్న అత్తగారు నాకంటే ముందే తలెత్తింది.

"ఎందుకేసుడు వదినా? గీ ఇంట్ల ఉండేటోళ్లం అందరం వచ్చినం. ఇగ ఎవ్వరు రావాల్సింది లేదు."

ఆ చుట్టం వాకిట్లో నీళ్ల బకెట్ దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంది. కోడలు చెంబు కింద పెట్టి, అత్త పక్కన పోయి కూర్చుని, ఆమె భుజానికి ముఖం ఆనించింది. అత్త ఒక చేత్తో ఆకులు సర్దుతూనే రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టింది. బంతిలో మాకు చాలాసేపు ఎవరూ అన్నం వడ్డించలేదు, మేమూ అడగలేదు.